తుఫాను బాధితుల కోసం చందాలు పోగెయ్యాలంటే: మా బరంపురం, పర్లాకిమిడి వైపు కుర్రాళ్ల కోసం

మా వైపు, అంటే దక్షిణ ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, గుణుపురం ఇక్కడంతా, అక్టోబర్ వచ్చిందంటే అందరి చూపూ సముద్రం మీదే. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది, మరుసటేడు సరిగ్గా అదే తారీకున హుద్‌హుద్ వైజాగ్ మీద పడింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసి అక్కడితో ఆగకుండా గజపతి జిల్లా కొండల మీద వాన కుమ్మేసింది, బారాఘరా ఊళ్లో కొండచరియలు విరిగిపడి జనం చచ్చిపోయారు. 2021 సెప్టెంబర్లో గులాబ్ కూడా మన పక్కనే. ఇలా వచ్చిన ప్రతిసారీ కుర్రాళ్లు డబ్బాలు పట్టుకుని రోడ్డెక్కుతారు, మంచి మనసుతోనే ఎక్కుతారు, కానీ ఎవరికోసం అడుగుతున్నాం, డబ్బు ఎవరి దగ్గర పెడతాం, లెక్క ఎవరు రాస్తారు అన్నది ముందే అనుకోకపోతే వారం తిరక్కుండా "ఆ డబ్బులేమయ్యాయిరా" అన్న మాట పుడుతుంది. ఆ మాట ఒక్కసారి పుట్టిందా, వచ్చే తుఫానుకి ఆ బజార్లో ఎవరూ చెయ్యి జేబులో పెట్టరు, నష్టపోయేది మనం కాదు, అప్పటి బాధితులు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అన్నిటికంటే ముందు ఊరు. డబ్బా చేతిలోకి తీసుకునే ముందు ఏ ఊరికి, ఎన్ని గడపలకి, ఏ వస్తువు అన్నది తేలాలి. "తుఫాను బాధితుల సహాయార్థం" అని బ్యానర్ కట్టి నిలబడితే పదో ఇరవయ్యో వేసి పోతారు, "కాశీనగర్ దగ్గర ఫలానా ఊళ్లో నలభై ఇళ్ల మీద రేకులెగిరిపోయాయి, ఇంటికో టార్పాలిన్ కావాలి, ఒకటి ఇంత పడుతుంది, మీరు ఎన్నిళ్లకి ఇస్తారు" అని అడిగితే మనిషి ఆగి ఆలోచిస్తాడు, ఒకటి అనుకున్నవాడు రెండిస్తాడు. ఆ వివరాలు తెలియాలంటే ఆ ఊళ్లో ఫోనెత్తే మనిషి ఒకరుండాలి, సర్పంచో, వార్డు మెంబరో, అంగన్‌వాడీ దీదీయో, ఆశా కార్యకర్తో, లేదంటే అక్కడికి కోడలుగా వెళ్లిన మన వీధి ఆడపిల్లో. నా అనుభవంలో అంగన్‌వాడీ దీదీ చెప్పిన లెక్కే అందరికంటే సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే ఏ ఇంట్లో పసిపిల్లలున్నారు, ఏ ఇంట్లో బాలింతుంది అన్నది ఆవిడ పుస్తకంలోనే ఉంటుంది. తర్వాత బ్లాక్ ఆఫీసుకి ఒక్క ఫోన్ చెయ్యండి, బీడీఓ గారు దొరక్కపోయినా అక్కడ కూర్చున్నవాళ్లెవరో చెప్తారు ఏ పంచాయితీకి ప్రభుత్వం పాలిథిన్, చుడా (అటుకులు), బెల్లం పంపింది, ఏ పంచాయితీకి ఇంకా వెళ్లలేదు అని. ఈ ఒక్క ఫోన్ చెయ్యకపోతే ఏమవుతుందంటే రోడ్డు పక్కనున్న ఊరికి నాలుగు బళ్లు వెళ్తాయి, లోపల కొండ మీదున్న సవర ఊరికి ఒక్కటీ వెళ్లదు.

ఇక మనుషులు, డబ్బు దాచే చోటు. దీనికి కొత్తగా సంఘం పెట్టక్కర్లేదు, మన దగ్గర ఇప్పటికే ఒకటుంది, పూజా కమిటీ. ఆలోచించండి, మా వైపు పెద్ద తుఫాన్లు చాలాసార్లు వచ్చేది దసరా రోజుల్లోనే, ఫైలిన్ నాటికీ తిత్లీ నాటికీ నవరాత్రులు నడుస్తున్నాయి, అప్పటికే ప్రతి వీధిలో కమిటీ ఉంటుంది, దానికో ప్రెసిడెంటు, ఒక కేషియరు, రసీదు బుక్కులు, జనరేటరు, సామాన్లు మోసే టెంపో, రాత్రంతా నిద్ర మానుకుని పనిచేసే కుర్రాళ్లు, అన్నీ రెడీగా ఉంటాయి. పైగా ఏ షాపు ఎంత ఇస్తుంది, ఎవర్ని ఎవరు అడిగితే కాదనరు అన్నది వాళ్లకి నోటికొచ్చు. కాబట్టి తుఫాను హెచ్చరిక రాగానే కమిటీ పెద్దల దగ్గరికెళ్లి కూర్చోండి, మావయ్యా, బాబాయ్ అని పిలిచే చనువు ఎలాగూ ఉంటుంది, లైటింగులో, బాణసంచాలో కొంత తగ్గించి అది దీనికిమ్మని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు, అమ్మవారి పేరు మీద పోగైన డబ్బు ఇల్లు కూలినవాడికి వెళ్తే ఏ తల్లి కాదంటుంది. కానీ ఒక్క కండిషన్, పూజ లెక్క వేరు, తుఫాను లెక్క వేరు, రసీదు బుక్కు కూడా వేరే రంగుది వేయించండి. ఈ రెండూ కలిశాయంటే తర్వాత ఎంత నిజాయితీగా ఖర్చు పెట్టినా నిరూపించలేరు.

బ్యాంకు ఖాతా గురించి కాస్త గట్టిగా చెప్పాలి. ఉత్సాహంలో ఎవరో ఒక కుర్రాడి ఫోన్‌పే నంబరు గ్రూపులో పెట్టేస్తారు, అది వద్దు. మామూలు సేవింగ్స్ ఖాతాలోకి ఒక్కసారిగా వందలమంది దగ్గర్నుంచి డబ్బు పడితే బ్యాంకుకి అనుమానం రావచ్చు, ఖాతా ఆపేస్తే సరిగ్గా బండి బయల్దేరే రోజున డబ్బు చేతికి రాదు. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాలయితే ఏడాదికి లక్ష రూపాయల కంటే ఎక్కువ జమ అవ్వదు, నెలకి పదివేలు మించి తియ్యలేరు. ఇంకో సంగతి, బంధువులు కానివాళ్ల నుంచి ఒక మనిషికి ఏడాదిలో 50,000 దాటి డబ్బొస్తే అది ఆ మనిషి ఆదాయంగా లెక్కకొస్తుంది, పాపం సాయం చెయ్యబోయిన కుర్రాడు ఇన్‌కంటాక్స్ వాళ్లకి సమాధానం చెప్పుకోవాలి. రిజిస్టరైన కమిటీకో, గుడికో, కుల సంఘానికో ఖాతా ఉంటే అందులోనే వేయించండి, తియ్యాలంటే ఇద్దరి సంతకాలు ఉండేలా చూడండి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఏ సంఘమూ లేకపోతే, ఆన్‌లైన్లో ఇచ్చేవాళ్లని నేరుగా టార్పాలిన్ షాపు, కిరాణా హోల్‌సేల్ షాపు ఖాతాకే వెయ్యమని చెప్పండి, షాపువాడు రోజూ సాయంత్రం ఎంత జమైందో స్టేట్‌మెంట్ ఇస్తాడు, మన చేతిలోకి డబ్బే రాదు. నాకు ఇదే అన్నిటికంటే శుభ్రంగా అనిపిస్తుంది.

పెద్ద మొత్తం ఇచ్చేవాళ్లు టాక్స్ రసీదు అడుగుతారు. 80జి (విరాళానికి పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) అనుమతి ఉన్న సంస్థే ఆ రసీదు ఇవ్వగలదు, మన వీధి కమిటీ ఇవ్వలేదు, ఇస్తామని నోరు జారొద్దు. వాళ్లని ఒడిశా ముఖ్యమంత్రి సహాయ నిధికో, ఆంధ్రా ముఖ్యమంత్రి సహాయ నిధికో నేరుగా వెయ్యమనండి. నగదుగా రెండు వేలు దాటి ఇస్తే 80జి వర్తించదని, కొత్త టాక్స్ రెజీమ్ ఎంచుకున్నవాళ్లకి అసలు ఆ మినహాయింపే లేదని కూడా చెప్పేస్తే మంచిది, తర్వాత మాటపడక్కర్లేదు.

మన పిల్లలు చాలామంది బయట దేశాల్లో ఉన్నారు కదా, వాళ్లు పంపుతామంటారు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన లోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. కానీ అక్కడి పౌరసత్వం తీసేసుకున్నవాళ్లు, భారత మూలాలున్నవాళ్లకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, వాళ్లిచ్చేది చట్టం లెక్కలో విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ లేని సంఘం అది తీసుకోకూడదు. సొంత మేనమామ కొడుకైనా సరే సంఘం ఖాతాకి మాత్రం వద్దని చెప్పండి, పీఎం కేర్స్‌కి విదేశీ విరాళాలు తీసుకునే ఖాతా వేరే ఉంది, అక్కడ ఇచ్చుకోమనండి.

బయట దేశాల కంటే మనకి ఎక్కువ అక్కరకొచ్చేది సూరత్. గంజాం జిల్లా వాళ్లు సూరత్ మగ్గాల మీద ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు, అలాగే శ్రీకాకుళం జాలర్లు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉన్నారు, ఉద్దానం వాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు. వీళ్ల ఊళ్లే దెబ్బతింటాయి కాబట్టి అడక్కుండానే ఇస్తారు, కానీ జీతాలు పడ్డ రెండు రోజుల్లోపల మెసేజ్ వెళ్లాలి, తర్వాతైతే ఇంటికి పంపేశాక చేతిలో ఏమీ ఉండదు. మెసేజ్ రెండు లిపుల్లో రాయండి, తెలుగులో, ఒడియాలో. మా వైపు సగంమంది తెలుగు మాట్లాడతారు కానీ బడిలో ఒడియా చదువుకున్నారు, తెలుగు అక్షరాలు చదవలేరు, అంచేత ఒక్క తెలుగులోనే పెడితే మనవాళ్లకే అందదు. మెసేజ్ ఇలా పొట్టిగా ఉంటే చాలు:

"నమస్తే. గజపతి జిల్లా ఫలానా బ్లాక్, ఫలానా ఊరు. 40 ఇళ్లకి పైకప్పు లేదు. ఇంటికో టార్పాలిన్, ఒకటి 600 రూపాయలు. ఈ రోజు (ఫలానా తారీకు) సాయంత్రానికి 13 ఇళ్లకి వచ్చింది, ఇంకా 27 కావాలి. డబ్బు ఫలానా షాపు ఖాతాకి వెయ్యండి, వేశాక స్క్రీన్‌షాట్ ఈ నంబరుకి పంపండి. ఆదివారం పొద్దున్న బండి బయల్దేరుతుంది. పాత బట్టలు తీసుకోవట్లేదు."

రేట్లు మీ దగ్గర ఎంతుంటే అంత వేసుకోండి. తారీకు, ఇంకెన్ని కావాలో తప్పకుండా ఉండాలి, అవి లేకపోతే అదే మెసేజ్ ఏడాది తర్వాత కూడా గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది, ఎవరో పాపం అప్పుడు కూడా డబ్బు వేస్తారు. అనుకున్నది పూర్తవగానే "అయిపోయింది, ఇక వెయ్యకండి" అని ఇంకో మెసేజ్ పెట్టండి, ఈ ఒక్క పనితో మన మీద పుట్టే నమ్మకం అంతా ఇంతా కాదు.

క్యూఆర్ కోడ్ విషయంలో జాగ్రత్త. 2020లో పీఎం కేర్స్ పెట్టిన కొత్తలోనే దాన్ని పోలిన పేర్లతో దొంగ యూపీఐ ఐడీలు పుట్టుకొచ్చాయి, అంతదానికే అలా జరిగితే మన వీధి ఫండ్ ఎంత. డబ్బా మీద అంటించిన క్యూఆర్ మీద ఇంకొకడు తన స్టిక్కర్ అంటించేస్తే సాయంత్రం దాకా తెలియదు, అందుకే పొద్దున్న బయల్దేరే ముందు ప్రతి డబ్బా కోడ్ కొట్టి ఒక్క రూపాయి వేసి చూడండి, ఎవరి పేరు వస్తుందో గట్టిగా చదవండి.

డబ్బా మాటకొస్తే, మూత లేని బకెట్లు, మూత లేని ప్లాస్టిక్ డబ్బాలు వద్దు. పారదర్శకంగా ఉండే డబ్బా తీసుకుని, పైన నోటు పట్టేంత చీలిక పెట్టి, మూతకి చుట్టూ టేపు వేసి టేపు మీద ఇద్దరు సంతకం పెట్టాలి, సగం సంతకం టేపు మీద, సగం డబ్బా మీద పడేలా. డబ్బాకి నంబరు, పట్టుకున్న ఇద్దరి పేర్లు. ఒక్కడే డబ్బా పట్టుకుని తిరక్కూడదు, ఎంత మంచివాడైనా సరే, ఇది వాడిని అనుమానించడం కాదు, వాడి మీదకి మాట రాకుండా కాపాడటం. మధ్యలో చిల్లర కోసమని డబ్బా విప్పొద్దు. పోలీస్ స్టేషన్‌కి ముందురోజే ఒక కాగితం రాసి ఇచ్చి, స్టేషన్ ఇన్‌చార్జి ఐఐసీ గారి రిసీవ్డ్ ముద్ర వేయించుకున్న జిరాక్స్ డబ్బాతో పాటు ఉంచుకోండి. రైళ్లలో, ప్లాట్‌ఫారం మీద మాత్రం రైల్వే పర్మిషన్ లేకుండా వద్దు.

సాయంత్రం డబ్బా విప్పేది ఇంట్లో కాదు. ఏదో ఒక షాపు అరుగు మీద, ఆ షాపాయన ఎదురుగా, కింద పేపరు పరిచి విప్పండి. తుఫాను వాన ఇంకా పడుతూనే ఉంటుంది కాబట్టి నోట్లు తడిసి ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, గబగబా లాగితే చిరుగుతాయి, ముందు విడదీసి ఫ్యాన్ కింద ఆరబెట్టి అప్పుడు లెక్కెట్టాలి. అడుగున పది రూపాయల నాణేలు కుప్పలుగా ఉంటాయి, మా వైపు చాలా షాపులు ఆ నాణేన్ని తీసుకోవు, అది చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా సరే, అంచేత జేబులో మిగిలిపోయినవన్నీ డబ్బాలో పడతాయి. వాటిని చిల్లర అవసరమున్న బస్సు కండక్టర్లకి, కూరగాయల హోల్‌సేల్ వాళ్లకి ఇచ్చి నోట్లు తీసుకోవచ్చు, కాదంటే బ్యాంకులో జమ చెయ్యొచ్చు. ఒకరు లెక్కెడతారు, ఒకరు మళ్లీ లెక్కెడతారు, మూడోవాళ్లు రాస్తారు, షాపాయన కింద సంతకం పెడతాడు, ఆ కాగితం ఫోటో ఆ రాత్రికే గ్రూపులో పడాలి. రేపు పెడదాం అనుకోవద్దు.

షాపుల దగ్గరికి గుంపుగా పదిమంది వెళ్లకండి, బెదిరింపులా ఉంటుంది, ఇద్దరో ముగ్గురో, అందులో ఒక పెద్దాయన, ఒక ఒడియా బాగా మాట్లాడేవాళ్లు. బడబజార్‌లో ఒడియా షాపాయనతో "ఆజ్ఞా" (మన "అయ్యా" లాంటి మాట) అని మొదలుపెట్టి ఒడియాలో మాట్లాడితే ఆ గౌరవమే వేరు. ఆ నెలలో వాళ్లు ఇప్పటికే పూజలకి ఎన్నో చందాలు ఇచ్చుంటారు, ఆ విసుగు అర్థం చేసుకోండి, "ఇంతివ్వండి" అనొద్దు. డబ్బు వద్దు, సరుకు మీకు పడిన ధరకివ్వండి అని అడిగితే చాలామంది ఇట్టే ఒప్పుకుంటారు, మందుల షాపు వాళ్లు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ మాత్రలు, అప్పడాలు పచ్చళ్ల వ్యాపారం చేసేవాళ్లు పచ్చడి ప్యాకెట్లు, ఇలా ఎవరి దగ్గరున్నది వాళ్లు. దాని ధర కూడా లెక్కలో రాయాలి, వాళ్ల పేరుతో.

ఏం కొనాలో ఊరినే అడగండి, కానీ పాత బట్టలు మాత్రం ఎవరు బతిమాలినా తీసుకోవద్దు. ప్రతి తుఫాను తర్వాతా రోడ్డు పక్కన తడిసిన బట్టల గుట్టలు చూస్తూనే ఉన్నాం, ఇల్లు పోయిన మనిషికి ఇంకొకరి చిరిగిన చొక్కా ఇచ్చి ఫోటో తియ్యడం ఆ మనిషిని ఇంకోసారి బాధపెట్టడమే. మొదటి వారం అక్కర్లు దాదాపు అన్ని చోట్లా ఒకటే, టార్పాలిన్, తాడు, దోమతెర, కొవ్వొత్తులు లేదా సోలార్ లైటు, తాగే నీళ్లు, బ్లీచింగ్ పౌడర్, అటుకులు, పిల్లలకి పాలపొడి, ఆడవాళ్లకి శానిటరీ ప్యాడ్లు. ప్యాడ్ల సంగతి మగపిల్లలు అడగలేరు, ఆ ఊళ్లో ఆడవాళ్లు చెప్పలేరు, అందుకే టీంలో ఇద్దరాడపిల్లలు ఉండి తీరాలి. టార్పాలిన్ తుఫాను హెచ్చరిక వచ్చినరోజే ఆర్డర్ చెప్పేయండి, తర్వాత రేటు అమాంతం పెరిగిపోతుంది. ఇంకోటి, బండితో పాటు కొంత నగదు వెళ్లాలి, ఫైలిన్ అప్పుడు బరంపురంలోనే కరెంటు లేదు, ఫోన్లు లేవు, అలాంటిచోట యూపీఐ నమ్ముకుని వెళ్తే డీజిల్ కూడా పొయ్యించుకోలేరు. డీజిలు, టీ, భోజనం ఖర్చు చందా డబ్బులో పెట్టకండి, టీంలో ఎవరికి వాళ్లు వేసుకోండి, లేదా ఒక దాతని ప్రత్యేకంగా "బండి ఖర్చుకి" అని అడగండి, ఇచ్చేవాళ్లుంటారు.

పంచేటప్పుడు మొహాల ఫోటోలు వద్దు. బండిలో సరుకు, షాపు బిల్లు, ఊళ్లో అందుకున్నవాళ్ల సంతకాలో వేలిముద్రలో ఉన్న లిస్టు, ఈ మూడు ఫోటోలు దాతకి చాలు. ఆ లిస్టులో ఆధార్ నంబర్లు రాయించుకోకండి, ఇంటి పెద్ద పేరు చాలు, గ్రూపులో పెట్టేముందు ఫోన్ నంబర్లు ఉంటే చెరిపెయ్యండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునే మాట. వచ్చిందంతా మొదటి వారంలోనే ఖర్చు పెట్టేయకండి, మూడో వంతు పక్కన ఉంచండి, అలా ఉంచుతామని దాతలకి మొదటి మెసేజ్‌లోనే చెప్పండి. టీవీవాళ్లు వెళ్లిపోయాక, బళ్లు రావడం ఆగిపోయాక అసలు కష్టం మొదలవుతుంది. గోపాలపురం, ఆర్యపల్లి వైపు మన తెలుగు జాలర్లని చూడండి, బియ్యం ప్రభుత్వం ఇస్తుంది, వలలు ఎవరిస్తారు. అక్టోబర్లో వల పోతే నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య మొగ దగ్గర తాబేళ్లని కాపాడటానికి చేపలవేట ఆపేస్తారు, ఆపైన ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం, అంటే ఒక్క వల పోతే ఆ ఇంటికి ఏడాది పోయినట్టే. ఆ మిగిల్చిన డబ్బుతో నలుగురు కలిసి వాడుకునే వల కొనిస్తే ఆ సాయం చాలాకాలం నిలుస్తుంది. కొండల్లో అయితే జీడి మొక్కలు, మేకలు, పిల్లలకి బడి పుస్తకాలు. ఇంకొందరికి డబ్బు కాదు, మనిషి తోడు కావాలి, ఇల్లు కూలిన పరిహారానికి రెవెన్యూ ఆఫీసు ఆర్‌ఐ దగ్గరికి తిరగడం, కూలిన ఇంటి ఫోటో తియ్యడం, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్, దరఖాస్తు ఒడియాలో రాసిపెట్టడం. మన సరిహద్దులో ఇల్లు ఒడిశాలో, తోట ఆంధ్రాలో ఉన్నవాళ్లున్నారు, ఇంటికి ఇక్కడ, తోటకి అక్కడ రెండుచోట్లా దరఖాస్తు పెట్టుకోవాలి, రెండు భాషల్లో కాగితాలు కావాలి, ఇలాంటి పనికి మన రెండు భాషలు వచ్చిన కుర్రాళ్లని మించినవాళ్లు లేరు. ఈ పనికి ఖర్చయ్యే ఆటో చార్జీలు, జిరాక్స్ డబ్బులు ఈ మూడో వంతులోంచి ఇవ్వండి.

అన్నీ అయ్యాక లెక్క మూసెయ్యాలి, ఇది చాలామంది వదిలేస్తారు. వచ్చినది, ఖర్చు, మిగులు ఒక్క పేజీలో తెలుగు, ఒడియాల్లో రాసి గుడి గోడకి, టీ కొట్టుకి అంటించండి, ఎవరొచ్చి బిల్లులు చూపించమన్నా మొహం చిట్లించకుండా చూపించండి. వందో రెండొందలో మిగిలినా అది కూడా రాయండి, ఏం చెయ్యాలో గ్రూపులో అడిగి సహాయ నిధికి వేసేసి ఆ రసీదు పెట్టండి. రసీదు బుక్కుల్లో వాడని కాగితాల మీద అడ్డంగా గీత కొట్టి, బుక్కులన్నీ ఒక సంచిలో కట్టి కమిటీ కేషియర్ దగ్గర పెట్టండి, క్యూఆర్ స్టిక్కర్లు చింపెయ్యండి, డబ్బాలు కడిగి ఆరబెట్టి గుడి స్టోర్ రూంలో పెట్టేయండి.